రెండో కొక్కెం ఎవరిది?

"ముందు నన్ను దించండ్రా!"

నాన్న కేక ఎవరి చెవికీ ఎక్కలేదు. మంచానికీ చక్రాల కుర్చీకీ మధ్య, నేలకి నడుమెత్తున, గుడ్డ జోలెలో ఆయన వేలాడుతున్నాడు. జోలె పైన ఇనప కొంగ మెడ. కొంగ పక్కన తమ్ముడు. కిటికీ దగ్గర, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని అక్క. మీట నొక్కాల్సిన తమ్ముడి చెయ్యి గాల్లో తిరుగుతోందే తప్ప మీట మీదికి రావడం లేదు.

"అడక్కుండా రాత్రి సైటులో లైసెన్సు పెట్టింది నువ్వు," అంది అక్క. "అడక్కుండా పొద్దున తీసేసింది నేను. చెల్లుకు చెల్లు."

"చెల్లు ఎలా అవుతుంది? నేను పెట్టింది ఒక్క లైసెన్సు. నువ్వు తీసేసింది మొత్తం పేజీ! చట్రం బొమ్మలు, కొలతలు, మోటారు వైరింగు, అన్నీ! ఇంట్లో ఎలకలున్నాయని కొంప తగలబెట్టుకున్నట్టుంది."

"ఆ ఎలకల్ని సంచిలో పోసుకొచ్చి వదిలిందెవరు?"

"ఒరేయ్, ఎలకల సంగతి తర్వాత. నేనేమన్నా ఆరేసిన దుప్పటినా?" అన్నాడు నాన్న.

వెనక షెడ్డులోంచి బావ వచ్చాడు. వెల్డింగ్ కళ్ళద్దాలు ఇంకా నుదుటి మీదే ఉన్నాయి. ఎవరినీ ఏమీ అడక్కుండా బావమరిదిని భుజంతో పక్కకి నెట్టి మీట నొక్కాడు. కొంగ మెడ మెల్లిగా వంగింది. నాన్న కుర్చీలోకి దిగి, జోలె సర్దుకుని, "ఈ ఇంట్లో పని చేసేవాడు అల్లుడొక్కడే. మిగతావాళ్ళు చర్చిస్తారు," అన్నాడు.

దానికి కొంగ అని పేరు పెట్టింది నాన్నే. నడుము కింద చచ్చుబడ్డాక ఆయన్ని మంచం మీంచి లేపాలంటే ఇద్దరు మనుషులు కావలసి వచ్చేది. అక్క డ్రాఫ్టింగ్ ఆఫీసులో పనిచేస్తుంది. ఇనప గొట్టాల చట్రం గీసింది. బావ దాన్ని అతికించాడు. తమ్ముడు మోటారూ మీటా అమర్చాడు. పొడుగు మెడా, సన్నటి కాళ్ళూ చూసి, "ఇది కొంగ, నేను దాని నోట్లో చేపని," అన్నాడు నాన్న. పదిమందికీ పనికొస్తుందని బొమ్మలన్నీ ఒక సైటులో పెట్టారు. ఎక్కడెక్కడివాళ్ళో చూసి చేసుకున్నారు. ఎవరు ఏ షరతు మీద వాడుకోవచ్చో రాయాలని ఎవరికీ తట్టలేదు.

పోయిన వారం ఒక ఫోను వచ్చేదాకా అలాగే గడిచింది.

ఊరి అవతలి కొసన ఒక పెద్దావిడ కోసం ఎవరో కొంగను చేయించుకున్నారట. జోలె నాలుగు మూలలా రెండేసి కొక్కేలుండాలి. మొదటిది జారితే రెండోది పట్టుకుంటుంది. ఆ చేసినవాడు ఒకటి చాలనుకున్నాడు. పెద్దావిడ పడింది. తుంటి ఎముక విరిగింది. పడి రెండు నెలలైనా ఈ ఇంటికి కబురు అందింది పోయిన వారమే. "మీ బొమ్మ చూసే చేశామండీ," అన్నారు ఫోనులో. ఆ మాట అక్క గొంతులో ముల్లులా ఉండిపోయింది.

"నీ లైసెన్సు ఏమంటోంది?" అక్క లాప్‌టాప్ మూసింది. "తీసుకో, చేసుకో, మార్చుకో, అమ్ముకో, మా పేర్లు మాత్రం ఉంచు. అంతేగా?"

"అంతే. అది పెడతానంటేనే మంచాల కంపెనీ ముందుకొచ్చింది. ఆసుపత్రులన్నిటికీ మంచాలు సరఫరా చేసేది వాళ్ళే. మనం షెడ్డులో ఏడాదికెన్ని చేస్తాం? వాళ్ళు చేస్తే ప్రతి వార్డులో ఒక కొంగ ఉంటుంది. నర్సుల నడుములు మిగులుతాయి. అది చెడ్డదా?"

"వాళ్ళేం మార్చారో చెప్పక్కర్లేదు కదా? రెండో కొక్కెం పీకేసి, మన పేర్లు అతికించి అమ్ముకుంటే?"

"ప్రతివాడూ పీకేస్తాడా?"

"ఒకడు పీకాడుగా!"

తమ్ముడు కొంగ వైరు ఒకటి లాగి చూసి వదిలేశాడు. 

"సరే, నీ లైసెన్సయితే ఏమవుతుంది?"

"నాదీ తీసుకోమనే అంటుంది. మార్చుకో, అమ్ముకో, లాభం చేసుకో. కానీ మార్చిన బొమ్మని నువ్వూ బయట పెట్టు, ఇదే షరతు మీద. ఇచ్చిపుచ్చుకోవడం. మార్చినది పదిమంది కళ్ళలో పడుతుంది. తప్పుంటే ఎవరో ఒకరు అరుస్తారు."

"ఏ కంపెనీ అయినా తన బొమ్మలు తెచ్చి వీధిలో ఆరబెడుతుందా అక్కా?"

"పెట్టకపోతే చెయ్యొద్దను."

"వాళ్ళు చెయ్యరు. మనం చెయ్యలేం. అందరం షెడ్డులో కూర్చుని కొంగజపం చేసుకుందాం."

బావ గొంతు సవరించుకున్నాడు. "అసలు వ్యాపారమే వద్దని రాసేస్తే? ఉత్తినే చేసేవాళ్ళే చెయ్యాలి అని."

అక్క అటు తిరిగింది. "అప్పుడు ముందు మానాల్సింది నువ్వు. వెనకవీధి మాస్టారికి చేసిచ్చి కూలి తీసుకోలేదూ?"

"అది కూలి."

"రాసిన కాగితానికి కూలీ వ్యాపారమే. పక్క ఊళ్ళో వెల్డింగతను కూడా చెయ్యకూడదు. ఇక ఎవరు చేస్తారు? ఇనుము దానం చేసే పుణ్యాత్ములా?"

"ఇంట్లో మాట చెల్లనప్పుడు షెడ్డే నయం," అని బావ వెళ్ళిపోబోయాడు. గుమ్మంలో లాయరమ్మ ఎదురైంది.

ఆవిడ మేడమీద అద్దెకుంటుంది. చేతిలో పళ్ళు తోముకునే బ్రష్షు అలాగే ఉంది. "మా క్లయింట్లు నయం, ఇంకొంచెం మెల్లిగా కొట్టుకుంటారు. ఏమిటి గొడవ?"

ఇద్దరూ ఒకేసారి చెప్పారు. ఆవిడకి సగం అర్థమైంది, అది చాలింది.

"రాత్రికి ముందు ఏ లైసెన్సు ఉండేది?"

"ఏదీ లేదు," అన్నాడు తమ్ముడు. "అంటే, ఎవరైనా వాడుకోవచ్చని."

"కాదు నాయనా. ఏదీ లేకపోతే ఎవరూ వాడుకోకూడదని. బొమ్మ గీసిన క్షణం నుంచీ అది గీసినవాళ్ళది. ఇస్తున్నామని నోరు విప్పి చెబితేనే ఇచ్చినట్టు. ఇన్నాళ్ళూ మీ బొమ్మ దించుకున్నవాళ్ళంతా, పాపం, అనుమతి లేకుండానే దించుకున్నారు."

"కానీ మేం సంతోషంగానే ఇచ్చాంగా!"

"సంతోషం కాగితం మీద కనపడదు. ఇంకో మాట. లైసెన్సు కాపలా కాసేది బొమ్మకి, ఇనుముకి కాదు. ఎవడైనా మీ బొమ్మ ముట్టకుండా, కొంగను కళ్ళారా చూసి తన బొమ్మ తను గీసుకుంటే, మీ లైసెన్సు చాలామటుకు చేతులు కట్టుకుని నిలబడుతుంది. దానితో అన్నీ ఆగిపోతాయని మీ అక్కా అనుకోకూడదు."

అక్క మొహం ముడుచుకుంది. తమ్ముడి మొహం కొంచెం విచ్చుకుంది. లాయరమ్మ అదీ చూసింది.

"మరి చట్రం అక్కది, మోటారు నీది. ఈ జోలె, కొక్కేలు ఎవరు గీశారు?"

బావ కళ్ళద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు. అక్క లాప్‌టాప్ మూత మీద లేని దుమ్ము దులిపింది. తమ్ముడు నేల చూశాడు.

"అది... ఇంట్లో గీసిందే," అన్నాడు.

"ఇంట్లో ఎవరు?"

 కుళాయి కింద బకెట్టు నిండి పొర్లుతోంది, ఎవరూ లేవలేదు.

"నా కోడలు," అన్నాడు నాన్న.

లాయరమ్మ పెదవి విరిచింది. "అయితే మీ ఇద్దరి గొడవా దండగ. ఆ అమ్మాయి ఒప్పుకోకుండా ఆ భాగానికి మీరు ఏ లైసెన్సు పెట్టినా చెల్లదు. జోలె లేని కొంగతో ఏం చేస్తారు, బట్టలారేసుకుంటారా?"

ఆవిడ పైకి వెళ్ళిపోయింది. తమ్ముడి ఫోను మోగింది. మంచాల కంపెనీ. కట్ చేశాడు. మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేశాడు.

"నువ్వే అడగాలి," అంది అక్క.

"నేను చెయ్యను ఫోను. వెళ్ళింది తను. నేను పంపలేదు."

"వెళ్ళేలా చేశావు."

"నువ్వేం చేశావు మరి?"

అక్క చెప్పుల్లో కాళ్ళు దూర్చింది. 

*

మరదలు పనిచేసేది ఆసుపత్రి వెనక భాగంలో, ఎండ బాగా పడే పొడుగాటి గదిలో. ఒక గోడ పొడవునా అద్దం. మధ్యలో నడక నేర్పే జంట కడ్డీలు. మూలన పెద్ద రబ్బరు బంతులు. ఆ కడ్డీల మధ్య ఒక పెద్దావిడ రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది. మరదలు ఆవిడ నడుముకి కట్టిన బెల్టు పట్టుకుని వెనకే నడుస్తోంది.

అక్కను చూసి తల ఊపింది. "కూర్చోండి వదినా. ఇంకో నాలుగు అడుగులున్నాయి."

ఇంకా వదినా అంటోంది. అక్క బల్ల మీద కూర్చుంది.

"బరువు కుడికాలి మీద వెయ్యండి బామ్మగారూ. నేల చూడొద్దు, అద్దంలో మీ మొహం చూసుకోండి."

"అందులో ఏముందమ్మా చూసుకోవడానికి? ముడతలు తప్ప."

"ముడతలే లెక్కపెట్టండి. అడుగు మాత్రం వెయ్యండి."

పెద్దావిడ నవ్వుతూనే అడుగు వేసింది. నవ్వు మధ్యలో నొప్పికి మొహం వంకర పోయింది. మరదలి చెయ్యి బెల్టు మీద బిగుసుకుంది. ఆ పట్టు అక్కకి తెలుసు. నాన్న మొదటిసారి జోలెలో లేచిన రోజున, ఆ చెయ్యే జోలె అంచు పట్టుకుని ఉంది. "ఇక్కడ రెండో కొక్కెం కావాలి వదినా, ఒకదాన్ని నమ్మలేం," అంది ఆ రోజు.

పెద్దావిడ కుర్చీలో కూలబడి అక్కను పరీక్షగా చూసింది. "మీ ఇంట్లోనూ ఎవరైనా పడ్డారా అమ్మా?"

"మా నాన్నగారు లేవలేరండీ."

"అయితే ఆ కొంగబండి చేయించుకోండి. నేను పడింది దాని మీంచే. అయినా చెబుతున్నాను, చేయించుకోండి."

అక్క మరదలి వైపు చూసింది. మరదలు బెల్టు విప్పుతూ, తల ఎత్తకుండా, అవునన్నట్టు చూపు కదిపింది.

"పడ్డారుగా... మళ్ళీ దానిమీదేనా?"

"మరి? నా కూతురు ఎత్తుతుందా నన్ను? దాని నడుము ఎప్పుడో పడిపోయింది. బండి తప్పేమీ లేదమ్మా. మా వెల్డింగతను ఒక కొక్కెం చాలన్నాడు, మేమూ తలూపాం. ఈ అమ్మాయి చెప్పాక తెలిసింది రెండుండాలని. పొద్దున్నే వాడిని పిలిపించి, బొమ్మలో ఉన్నట్టే పెట్టరా అని ఫోను చేతికిస్తే, ఏముంది? పేజీయే లేదు! నిన్నటిదాకా ఉందట. ఎవరో పీకేశారట. ఆ పీకినవాళ్ళని ఒక్క పూట నాలాగా మంచం మీద పడుకోబెట్టాలి, అప్పుడు తెలుస్తుంది."

అక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పొద్దున్న పేజీ తీసేసే బటను నొక్కుతున్నప్పుడు ఎంత న్యాయంగా అనిపించింది! ఇంకెవరూ పడకూడదనే కదా తీసేసింది. పడినావిడకే దారి మూసేసింది.

పెద్దావిడ కూతురు వచ్చి చక్రాల కుర్చీ తోసుకుపోయింది. గది ఖాళీ అయింది.

"నేనెవరో చెప్పలేదా ఆవిడకి?" అంది అక్క.

"చెబితే రోజూ మీ ఇంటికొచ్చి సలహాలిస్తుంది." మరదలు బంతిని కాలితో మూలకి తోసింది. "పీకింది మీరేనా, మీ తమ్ముడా?"

"నేనే."

"అనుకున్నాను. తను పెడతాడు, మీరు తీస్తారు. మధ్యలో ఉన్నవాళ్ళు వేలాడతారు."

అక్క జరిగిందంతా చెప్పింది. రాత్రి పెట్టిన లైసెన్సు, కంపెనీ, లాయరమ్మ మాట. మరదలు గోడకి ఆనుకుని వింది.

"అంటే నా సంతకం కావలసి వచ్చింది కాబట్టి నేను గుర్తొచ్చాను."

"అలా అనకమ్మా."

"ఎలా అనాలో చెప్పండి, అలాగే అంటాను." ఆ గొంతులో కోపం కంటే విసుగు ఎక్కువుంది. "ఆసుపత్రి సామాన్ల ప్రదర్శనలో స్టేజీ ఎక్కి ఏమన్నాడు? 'ఇది నేనూ మా అక్కా చేసిందండీ' అన్నాడు. నేను మూడో వరసలో ఉన్నాను వదినా. అందరితోపాటు చప్పట్లు కూడా కొట్టాను. బుద్ధి లేక."

"మర్చిపోయాడేమో..."

"మర్చిపోతే బాగుండేది. ఇంటికొచ్చి అడిగితే, 'ఇంట్లోవాళ్ళకి మళ్ళీ పేరెందుకు?' అన్నాడు. అప్పుడు మీరు ఎక్కడున్నారు?"

"వంటింట్లో."

"కాఫీ కలుపుతున్నారు. నాకు చెంచా చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఒక్క క్షణం ఆగుతుందేమో అని చూశాను. ఆగలేదు."

అక్కకి ఆ పూట గుర్తుంది. మాటలన్నీ వినపడ్డాయి. మొగుడూపెళ్ళాల గొడవలో తలదూర్చకూడదనుకుంది. పెద్దరికం అనుకుంది దాన్ని.

"తిట్టు, పడతాను," అంది.

"తిట్టే ఓపిక లేదు. పొద్దుట్నుంచీ నడుములు పట్టీ పట్టీ నా నడుము పోయింది." మరదలు నీళ్ళ సీసా తీసి గడగడా తాగింది. "బయటివాళ్ళకి లైసెన్సు లేకుండా ఇచ్చేశారు. ఇంట్లోదాన్ని లైసెన్సు లేకుండా తీసేసుకున్నారు. రెండూ ఒకే రకం నిర్లక్ష్యం వదినా. మీ మంచితనంలో ఎదుటివాళ్ళని అడగడమనేది ఉండదు."

బయట ఎవరో స్ట్రెచరు తోసుకుపోయారు. ఆ చక్రాల కీచు చప్పుడు దూరమైంది.

"నాకు మీ లైసెన్సే నచ్చింది," అంది మరదలు చివరికి. "తీసుకున్నవాడు తిరిగి ఇవ్వాలి. కానీ అదొక్కటే చాలదు. చిన్న షాపువాడు మార్చి, బొమ్మ బయటపెట్టినా, కొనేవాళ్ళకి ఏం తెలుస్తుంది? బొమ్మలు ఎవరైనా తీసుకోనివ్వండి. కొంగ అన్న పేరు మాత్రం మన దగ్గరుంచుకోండి. రెండు కొక్కేలూ ఉంటేనే అది కొంగ. ఒకటి తీస్తే కాకి అని పెట్టుకోమనండి, గద్ద అని పెట్టుకోమనండి, మనకెందుకు?"

అక్క తేరిపారజూసింది. ఈ మాట ఇంత గొడవలో ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు.

"అయితే ఒప్పుకున్నట్టేనా?"

"మీరడిగితే కాదు. నన్నడగాల్సింది మీరు కాదు."

*

సాయంత్రం ఎండ పడమటి గోడ మీదికి ఎక్కే వేళకి మరదలు గేటు తీసుకుని లోపలికి వచ్చింది. చేతిలో సంచీ కూడా లేదు, ఉండడానికి రాలేదని చెప్పడానికే అన్నట్టు. మామగారి గదిలోకి వెళ్ళి ముందు ఆయన మడమలు చూసింది.

"ఇక్కడ ఎర్రబడింది. రోజూ పక్క మార్చడం లేదా?"

"మార్చేవాళ్ళు లైసెన్సుల్లో బిజీగా ఉన్నారమ్మా," అన్నాడు నాన్న.

అక్క వచ్చీ రాగానే చేసిన మొదటి పని పేజీ తిరిగి పెట్టడం. ఇంకా ఏ లైసెన్సూ రాయలేదు. పైన ఎర్రక్షరాలతో, రెండు కొక్కేలూ లేకుండా మనిషిని ఎత్తవద్దని మాత్రం రాసింది. బావ నాలుగు కొక్కేలు సంచిలో వేసుకుని పెద్దావిడ ఇంటి చిరునామా తీసుకుని వెళ్ళిపోయాడు. "ఆవిడకి ముందు ఇది కావాలి. మీరు తేల్చుకోండి," అన్నాడు.

తమ్ముడు గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. లోపలికీ రాలేదు, బయటికీ పోలేదు.

"అక్క చెప్పింది," అన్నాడు.

"అక్క చెప్పింది సరే. నువ్వు ఏదో చెప్పాలనుకుంటా."

"నీకు ఏ లైసెన్సు కావాలో పెట్టుకో. నాకేం అభ్యంతరం లేదు."

"ఇది అడగడమా? వదిలించుకోవడమా?"

"అబ్బా! ఏం చెప్పినా తప్పే. ఎలా అడగాలి, కాళ్ళు పట్టుకోవాలా?"

"కాళ్ళు వద్దు, రోజూ పదిమందివి నేనే పట్టుకుంటున్నాను. నోటితో అడుగు."

నాన్న కుర్చీ చక్రం చిన్నగా కదిపి కిటికీ వైపు తిరిగాడు. అక్క కూడా చూపు తిప్పుకుంది. లాయరమ్మ కళ్ళజోడు సర్దుకుని వచ్చి మూల స్టూలు మీద కూర్చుంది. ఆవిడ ఒక్కతే నిర్మొహమాటంగా చూస్తోంది.

తమ్ముడి పెదాలు కదిలాయి. మాట రాకముందే చేతిలో ఫోను మోగింది.

"పొద్దుట్నుంచీ మోగుతోందిగా, ఎత్తవేం?" అంది లాయరమ్మ. "ఎత్తి స్పీకరు పెట్టు."

ఎత్తాడు. మంచాల కంపెనీ ఆయన గొంతు గది నిండా పరుచుకుంది. బాగా భోజనం చేసి మాట్లాడుతున్నవాడి గొంతు.

"ఇంజినీరు గారూ! పేజీ పొద్దున మాయమైంది, ఇప్పుడు తిరిగొచ్చింది, ఏమిటండీ ఈ దోబూచులాట? లైసెన్సు మారుస్తున్నట్టున్నారు. మార్చుకోండి, మాకేం బాధ లేదు. మేం రాత్రే దించేసుకున్నాం. మాకు వర్తించేది రాత్రిదే. ఇచ్చింది వెనక్కి తీసుకోవడం ఉండదని అందులోనే రాసుంది."

అక్క లాయరమ్మ వైపు చూసింది. "నిజమే," అని ఆవిడ పెదాలతోనే అంది. తర్వాత ఒక వేలు పైకెత్తింది. "గీసినవాళ్ళందరూ ఇచ్చుంటే."

"పని కూడా మొదలైపోయింది లెండి," అంటున్నాడతను. "చట్రాలు ఎప్పట్నుంచో తయారుగా పెట్టుకున్నాం, మీ లైసెన్సు కోసమే ఆగాం. మొదటి లారీ రేపు బయల్దేరుతుంది. ఒక చిన్న మార్పు చేశాం. ఆ రెండో కొక్కెం అనవసరం అన్నారు మా వాళ్ళు. బిగించడానికి టైమెక్కువ, ఖర్చెక్కువ. తీసేశాం. మార్చుకోవచ్చనే ఉందిగా?"

 తమ్ముడి మొహంలో రక్తం ఇంకిపోయింది. అక్క 'ఒకడు పీకాడుగా' అన్న మాట మళ్ళీ అనలేదు. అనవలసిన అవసరం లేదు.

"హలో? ఉన్నారా? ఏం భయం లేదు సార్, అంతా మీదీ మీ అక్కగారిదీనేనని మొదట్లో మీరే మాటిచ్చారుగా. ఆ మాట మీదే ఇనుము కోశాం."

అక్క గిరుక్కున తమ్ముడి వైపు తిరిగింది. "మాటిచ్చావా?"

తమ్ముడు తల ఎత్తలేదు. మరదలు మాత్రం ఆశ్చర్యపోలేదు. ఇది తనకి మూడో వరసలోనే తెలుసన్నట్టు నిలబడింది.

లాయరమ్మ స్టూలు ముందుకి జరుపుకుని మెల్లిగా అంది. "విను నాయనా. కొక్కేలు ఆ అమ్మాయివని ఇప్పుడు ఒప్పుకుంటే లారీని ఆపమని అడిగే దారుంది. కానీ నువ్విచ్చిన మాట అబద్ధమవుతుంది. వాళ్ళకి నష్టమొస్తే నీ గుమ్మం దగ్గరికే వస్తారు. ఒప్పుకోకపోతే లారీ వెళుతుంది. రెండిటికీ మధ్య సందు లేదు."

"హలో? ఎవరండీ మాట్లాడేది?" అన్నాడతను.

తమ్ముడు ఫోను నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.  ఇంతసేపూ గుమ్మంలో నిలబడ్డవాడు, ఒక అడుగు లోపలికి వేశాడు.

"సార్, ఆ కొక్కేలు నావి కావు. మా అక్కవీ కావు. నేను అబద్ధం చెప్పాను." ఆగాడు. "గీసింది వేరే ఆవిడ. ఆవిడని నేను అడగలేదు. కొంగ చేసిన ఈ మూడేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు."

అవతల నవ్వు ఆగిపోయింది. "ఇదేం మాటండీ? ఎవరావిడ? ఇప్పుడే లైనులోకి పిలవండి."

మరదలు వచ్చి అతని చేతిలోంచి ఫోను తీసుకుంది. అతని వేళ్ళు చల్లగా ఉన్నాయి, గమనించింది, ఏమీ అనలేదు.

"నమస్కారమండీ. ఆ కొక్కేలు గీసింది నేను. లారీ కదలడానికి వీల్లేదు."

"అలాగా?" ఆ గొంతు ఇప్పుడు పదునుగా ఉంది. "అంటే మీకూ ఆ ఇంటికీ సంబంధమేమిటి? వాళ్ళ దగ్గర పనిచేశారా, వాళ్ళ మనిషా, బయటి మనిషా? మా వకీలుకి చెప్పాలి. అసలు మీరెవరండీ?"

మరదలు, ఏమని చెప్పమంటావన్నట్టు, మొగుడి వైపు చూసింది.

తమ్ముడు అప్పుడు తల ఎత్తాడు.